అమెరికా వాళ్ళు తుపాకీ పట్టారు, మనం పట్టలేదు అనే మాట గురించి

ప్రతి ఏడాదీ జులై 4న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంట్లో కలుస్తాం. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఇల్లు. వెనక పెరట్లో గ్రిల్ మీద చికెన్, మొక్కజొన్న పొత్తులు, చీకటి ఎప్పుడు పడుతుందా అని ఆకాశం వైపు చూస్తూ తిరిగే పిల్లలు. ఆ రోజు ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "చూడు, వీళ్ళు తుపాకీ పట్టారు, ఎనిమిదేళ్ళలో ఇంగ్లీషు వాళ్ళని తరిమేశారు. మనం రెండొందలేళ్ళు దండాలు పెడుతూ కూర్చున్నాం." ఈసారి అన్నయ్యే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను ఏదో చెప్పబోయాను గానీ చేతిలో ప్లేటు పెట్టుకుని ఇంత పెద్ద సంగతి చెప్పడం కుదరలేదు, మాట సగంలోనే ఆగిపోయింది. అప్పటి నుంచి అది మనసులో నలుగుతూనే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ మాట తప్పు అని నా నమ్మకం. మన వాళ్ళని చిన్నబుచ్చుతుంది, అదొకటి. ఆ యుద్ధం చేసిన అమెరికా వాళ్ళకి కూడా అది అన్యాయమే, ఎందుకంటే వాళ్ళు నిజంగా ఏం పడ్డారో ఆ మాటలో ఎక్కడా కనబడదు.

ముందు వాళ్ళెవరో చూడాలి. మన తెలుగులో 'వలస' అనే మాటతో ఒక చిక్కుంది. పాలమూరు నుంచి ముంబై పోయే కూలీదీ వలసే, మనల్ని ఏలిన ఇంగ్లీషు వాళ్ళదీ వలస పాలనే, అమెరికా తూర్పు తీరంలో స్థిరపడిన ఇంగ్లీషు వాళ్ళ 13 ప్రాంతాలూ వలస రాజ్యాలే. ఒకే మాట కాబట్టి మనదీ వాళ్ళదీ ఒకటే కష్టం అన్నట్టు వినిపిస్తుంది. కాదు. మనం ఎవరో వచ్చి ఏలిన వాళ్ళం. వాళ్ళు తామే ఇంకొకరి నేల మీదికి వచ్చి కూర్చున్న వాళ్ళు. వర్జీనియాలో 1619 నుంచే వాళ్ళకి ఎన్నికైన సభ ఉంది. ఊరూరా సొంత తుపాకులతో కవాతు చేసే పౌర దళాలున్నాయి. అచ్చు యంత్రాలు, కోర్టులు, పన్ను వసూలు, రేవులు, ఓడలు, అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. తిరుగుబాటు మొదలయ్యే నాటికి అక్కడి జనాభా సుమారు 25 లక్షలు, అందులో 5 లక్షల మంది బానిసలు. ఈ చివరి అంకె మర్చిపోకండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

గొడవ పన్నుల దగ్గర మొదలైంది, అది నిజమే. ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది. అమెరికాని కాపాడటానికే కదా ఇంత ఖర్చు, కొంత మీరూ భరించండి అని లండన్ అడిగింది. 1765లో స్టాంపుల చట్టం తెచ్చి పత్రికల మీద, దస్తావేజుల మీద, ఆఖరికి పేకముక్కల మీద కూడా పన్ను వేశారు. ఇంగ్లండులో ఉన్నవాళ్ళు కట్టేదానితో పోలిస్తే అది పెద్ద భారమేమీ కాదు. మా మనిషి లేని పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుంది అన్నదే వాళ్ళ ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న. కానీ అదే 1763లో ఇంకొకటి జరిగింది, దాని గురించి పిల్లల పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. అపలాచియన్ కొండలు దాటి పడమటికి వెళ్ళొద్దు, అది అక్కడి ఆదివాసీ జాతుల నేల అని రాజు ఉత్తర్వు వేశాడు. ఆ భూమి మీద కన్నేసిన వాళ్ళకి ఈ గీత ఎంత మంట పుట్టించిందో, స్టాంపు ఎంత పుట్టించిందో తూకం వేయడం కష్టం. తర్వాత తిరుగుబాటు సైన్యాన్ని నడిపిన జార్జ్ వాషింగ్టనే పడమటి భూముల మీద పెట్టుబడి పెట్టిన మనిషి.

టీ సంగతి అందరికీ తెలుసు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల నుంచి 340 పెట్టెల దాకా తేయాకు నీళ్ళలో పోశారు. ఆ తేయాకు చైనాది, దాన్ని అమ్మేది మన ఈస్టిండియా కంపెనీ. మన అనే మాట ఎంత చేదుగా ఉన్నా వాడుతున్నాను. 1770 కరువులో బెంగాల్ మలమల మాడిపోయింది, ఆ తర్వాత కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. గిడ్డంగుల్లో పేరుకుపోయిన సరుకు వదిలించుకోవడానికి పార్లమెంటు దానికి అమెరికాలో నేరుగా అమ్ముకునే వీలు కల్పించింది. పెన్సిల్వేనియాలో జాన్ డికిన్సన్ అనే న్యాయవాది అప్పుడే రాశాడు, ఆసియాలో ఈ కంపెనీ మనుషుల ప్రాణాలకి ఇచ్చిన విలువ ఏమిటో చూశాం, తిండి గింజలన్నీ గుప్పిట్లో పెట్టుకుని ఒక్క ఏడాదిలో 15 లక్షల మందిని ఆకలికి చంపారట, ఇప్పుడు మన మీదికి వస్తున్నారు అని. ఇది మొదటిసారి చదివినప్పుడు కాసేపు కదలకుండా కూర్చున్నాను. మన కరువు వాళ్ళకి హెచ్చరిక అయింది. హెచ్చరిక విని మేలుకునేంత దూరంలో వాళ్ళున్నారు. బెంగాల్ రైతుకి ఆ దూరం లేదు.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర తుపాకులు పేలాయి. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన. మన పెరట్లో చెప్పుకునే కథ ఇక్కడి నుంచి నేరుగా ఇంగ్లీషు సైన్యం లొంగిపోయిన 1781 యార్క్‌టౌన్ విజయానికి దూకుతుంది. మధ్యలో ఐదేళ్ళు గాలికి పోతాయి. నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఐదేళ్ళలోనే ఉంది.

ప్రకటన చేసిన రెండు నెలలు తిరక్కుండానే వాళ్ళు దాదాపు ఓడిపోయారు. న్యూయార్కు మీదికి బ్రిటన్ 30,000 మందికి పైగా సైన్యాన్ని దింపింది, అందులో జర్మనీ నుంచి కిరాయికి తెచ్చిన హెస్సియన్లు కూడా ఉన్నారు. ఆగస్టు 27న బ్రూక్లిన్‌లో వాషింగ్టన్ చిత్తుగా ఓడాడు. రెండు రాత్రుల తర్వాత, మార్బుల్‌హెడ్ నుంచి వచ్చిన జాలర్లు పడవలు నడిపితే, తెల్లవారుజామున పొగమంచు కమ్మితే, 9,000 మంది చప్పుడు చేయకుండా నది దాటి బతికారు. నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్ అనే కోట పోయింది, ఒక్క రోజులో 2,800 మంది పట్టుబడ్డారు. అలా దొరికిన వాళ్ళని బ్రూక్లిన్ దగ్గర వాలబౌట్ బేలో పాత ఓడల్లో కుక్కారు. ఆ యుద్ధమంతటిలో తుపాకీ దెబ్బకి చచ్చిన వాళ్ళకంటే ఆ ఓడల్లో రోగంతో, ఆకలితో చచ్చిన వాళ్ళే ఎక్కువని చరిత్రకారుల అంచనా.

మిగిలిన సైన్యం న్యూజెర్సీ మీదుగా పారిపోయింది. నువార్క్, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్‌టన్, ట్రెంటన్. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే రూట్ 27 పక్కనే ఇదంతా జరిగిందని నాకు ఇక్కడికి వచ్చిన పదేళ్ళకి గానీ తెలియలేదు. మనం కరివేపాకు, మామిడికాయ పచ్చడి కొనుక్కునే ఓక్ ట్రీ రోడ్డు దగ్గర కూడా 1777 జూన్ 26న పోరు జరిగింది. షార్ట్ హిల్స్ పోరు అంటారు. అక్కడ చెరువు పక్కన దాని గుర్తుగా చిన్న పార్కు ఉంది, ఎన్నిసార్లు దాటి వెళ్ళానో లెక్కలేదు.

1776 డిసెంబరు నాటికి వాషింగ్టన్ దగ్గర మిగిలింది కొన్ని వేల మంది. వాళ్ళలో చాలామంది కొలువు గడువు డిసెంబరు 31తో అయిపోతుంది. కొత్త సంవత్సరం రోజున సైన్యమే ఉండదు. క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలవేర్ నది దాటి 2,400 మందితో ట్రెంటన్ మీద పడి 900 మంది హెస్సియన్లని పట్టుకున్నది ఆ లెక్క తెలిసే. అందరూ గీసిన బొమ్మ ఆ పడవది. నా కళ్ళ ముందు మెదిలేది మాత్రం నాలుగు రోజుల తర్వాతి సంగతి. గడువు తీరుతున్న దళాల్ని వరుసలో నిలబెట్టి, ఇంకో ఆరు వారాలు ఉండండి, మనిషికి పది డాలర్లు ఇస్తాను అన్నాడు వాషింగ్టన్. డప్పు మోగింది. ఒక్కడూ ముందుకి రాలేదు. మళ్ళీ గుర్రం తిప్పుకుని వచ్చి, మీరు చేయగలిగిందంతా చేశారు, అలసిపోయారు, కానీ మిమ్మల్ని వదిలి ఎలా సాగాలో నాకు తెలియడం లేదు అన్న అర్థంలో బతిమాలాడు. అప్పుడు ఒకడు ముందుకొచ్చాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. వాళ్ళలో కొందరు వారం తిరక్కుండా ప్రిన్స్‌టన్‌లో చచ్చిపోయారు. నన్నడిగితే ఆ దేశం పుట్టింది ఆ వరుసలోనే.

తర్వాతి శత్రువు మశూచి. మన అమ్మమ్మలు అమ్మవారు పోసింది అనేవాళ్ళే, అదే. 1775–76 చలికాలంలో కెనడా మీదికి వెళ్ళిన అమెరికా సైన్యాన్ని ఫిరంగులకంటే అదే ఎక్కువ నాశనం చేసింది. ఇంగ్లండు సిపాయిల్లో చాలామందికి చిన్నప్పుడే వచ్చి పోయింది, పల్లెల నుంచి వచ్చిన అమెరికా కుర్రాళ్ళకి రాలేదు. వాషింగ్టన్‌కి 19 ఏళ్ళప్పుడు బార్బడోస్‌లో వచ్చింది, ముఖం మీద మచ్చలున్నాయి, దాని సంగతి బాగా తెలుసు. 1777 ఫిబ్రవరిలో మారిస్‌టౌన్ శిబిరం నుంచి సైన్యమంతటికీ టీకా వేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటి టీకా ఇప్పటిలాంటిది కాదు. రోగి బొబ్బ నుంచి రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవాడి చేతికి గాటు పెట్టి రాయడం. వారాల తరబడి మంచం పడతారు, కొందరు చచ్చిపోతారు. శత్రువుకి తెలిస్తే ఆ వారాల్లోనే వచ్చి ఊడ్చేస్తాడు. అయినా వేయించాడు. ఈ పద్ధతి బోస్టన్‌కి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అంతకు ముందు కాటన్ మాథర్ అనే మతగురువు ఇంట్లో ఒనెసిమస్ అని ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస ఉండేవాడు. మా దగ్గర ఇలా చేస్తారు, నాకూ చేశారు అని యజమానికి చెప్పాడు. 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు ఆ మాట నమ్మి చేసి చూశారు. స్వాతంత్ర్య సైన్యం ప్రాణాలు దక్కించిన విద్యకి దారి చూపింది స్వాతంత్ర్యం లేని మనిషి.

మారిస్‌టౌన్ మా ఇంటికి ముప్పావు గంట దూరం. అక్కడ జాకీ హాలో అని అడవి ఉంది, సైన్యం 1779–80 చలికాలం గడిపిన చోటు. నమూనాగా కట్టిన దుంగల గుడిసెలు కొన్ని ఉన్నాయి. ఒక్కో దానిలో 12 మంది. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం మొదటిసారి వెళ్ళాను, తర్వాత ఒంటరిగా చాలాసార్లు వెళ్ళాను. వ్యాలీ ఫోర్జ్ పేరు అందరికీ తెలుసు, అక్కడ రెండేళ్ళ ముందు చలికాలపు శిబిరంలో 2,000 మంది దాకా రోగాలతో పోయారు. కానీ చలి విషయంలో జాకీ హాలో దానికంటే ఘోరం. ఆ చలికాలంలో 28 సార్లు మంచు కురిసింది. న్యూయార్కు రేవు ఎంత గడ్డకట్టిందంటే ఇంగ్లీషు వాళ్ళు దాని మీద నుంచి ఫిరంగులు లాక్కెళ్ళారు. పదివేల మంది గుడారాల్లో పడుకుంటూ, ఆ అడవిని నరుక్కుంటూ వెయ్యి గుడిసెలు కట్టుకున్నారు. బండ్లు కదలవు, పిండి రాదు.

జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సిపాయి అక్కడున్నాడు. 15 ఏళ్ళకే సైన్యంలో చేరినవాడు. ముసలితనంలో తన అనుభవాలు రాసుకున్నాడు. నాలుగు రాత్రులు నాలుగు పగళ్ళు నోట్లోకి ఏదీ పోలేదు, చెట్టు బెరడు కొంచెం నమిలాను, కొందరు పాత బూట్లు కాల్చుకుని తినడం చూశాను అంటాడు. ఆ గుడిసె లోపల నిలబడి చదివితే ఆ బూట్ల మాట దగ్గర గొంతు పట్టేస్తుంది.

ఆ ఆకలికి చలి ఒక్కటే కారణం కాదు. చుట్టుపక్కల పొలాల్లో గింజలున్నాయి. 13 ప్రాంతాల ప్రతినిధుల సభ కాంగ్రెస్, అది అచ్చేసిన నోట్లకి విలువ లేదు, అంతే. పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కి లేదు కాబట్టి నోట్లు అచ్చేస్తూ పోయింది, 1780 మార్చి నాటికి 40 కాగితం డాలర్లకి ఒక వెండి డాలరు అని తనే ఒప్పుకోవాల్సి వచ్చింది. రైతు ఆ కాగితం తీసుకోడు, న్యూయార్కులో ఉన్న ఇంగ్లీషు వాళ్ళు బంగారం ఇస్తారు, వాళ్ళకి అమ్ముకుంటాడు. అప్పుడు కూడా ఇంటి ఖర్చు చూసుకోవాల్సిన మనుషులే కదా.

1781 జనవరి 1న పెన్సిల్వేనియా దళం తిరగబడింది. జీతం లేదు, బట్ట లేదు, మూడేళ్ళకని చేర్చుకుని వదలడం లేదు అని 1,500 మంది దాకా ఫిరంగులతో సహా ఫిలడెల్ఫియా వైపు నడిచారు. ఇంగ్లీషు సేనాని క్లింటన్ ఇద్దరు మనుషుల్ని పంపాడు, మా వైపు రండి, మీ జీతం బాకీలు మేం ఇస్తాం అని. తిరగబడిన సిపాయిలు ఆ ఇద్దర్నీ పట్టి అప్పగించారు, వాళ్ళని ఉరి తీశారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఒక నిమిషం ఆగుతారు. జీతం ఇవ్వని వాళ్ళ మీద తిరగబడ్డారు, అయినా అవతలి వైపు డబ్బు ముట్టుకోలేదు. అదే నెలలో న్యూజెర్సీ దళం కూడా తిరగబడింది. ఈసారి వాషింగ్టన్ దయ చూపలేదు, ముందున్న ఇద్దర్ని తోటి సిపాయిల చేతే కాల్పించాడు.

తుపాకీ పట్టారు కాబట్టి గెలిచారు అనే మాటకి ఇదంతా జవాబు. తుపాకీ ఇంగ్లీషు వాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంది, పెద్ద యుద్ధాల్లో ఎక్కువ వాళ్ళే గెలిచారు. దక్షిణాన పోరాడిన అమెరికా సేనాని నథానియల్ గ్రీన్ తన పని గురించి తానే రాశాడు: పోరాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్ళీ పోరాడతాం. 1781 మార్చిలో గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ గెలిచాడు, గెలుస్తూ తన సైన్యంలో నాలుగో వంతు పోగొట్టుకున్నాడు. మూడువేల మైళ్ళ సముద్రం అవతలి నుంచి ఇంకో సైన్యం రావాలంటే నెలలు పడుతుంది. ఇవతలి వాళ్ళు చెదిరిపోకుండా ఉంటే చాలు.

అది కూడా చాలలేదు నిజానికి. ఫ్రాన్సు లేకపోతే ఈ కథ వేరేగా ముగిసేది. 1777 అక్టోబరులో సారటోగా దగ్గర ఇంగ్లీషు సేనాని బర్గాయిన్ సైన్యం మొత్తం లొంగిపోయాక, 1778 ఫిబ్రవరిలో ఫ్రెంచి రాజు బహిరంగంగా చేయి కలిపాడు. అంతకు ముందే దొంగచాటుగా తుపాకులు, మందు పంపిస్తున్నాడు. 1781 సెప్టెంబరు 5న చీసపీక్ అఖాతం నోటి దగ్గర ఇంగ్లీషు ఓడల్ని వెనక్కి పంపింది ఫ్రెంచి నౌకాదళం, అక్కడ ఒక్క అమెరికా యుద్ధనౌక కూడా లేదు. దక్షిణానికి నడవమంటే జీతం ఇస్తేనే అని మొండికేసిన అమెరికా సిపాయిలకి ఇచ్చిన వెండి నాణేలు ఫ్రెంచి సేనాని రోషాంబో అప్పు ఇచ్చినవి. నౌకాదళానికి కావాల్సిన డబ్బు క్యూబాలో హవానా ఊరి వాళ్ళ దగ్గర పోగు చేశారు. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో 7,000 మందికి పైగా సైన్యంతో కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు.

ఇక అన్నయ్యకి ఆ రోజు చెప్పలేకపోయిన ముఖ్యమైన సంగతి. మనం తుపాకీ పట్టలేదని ఎవరన్నారు?

అమెరికా కోసం ఫ్రాన్సు యుద్ధంలోకి దిగగానే ఇంగ్లీషు వాళ్ళు ఇండియాలో ఫ్రెంచి స్థావరాల మీద పడ్డారు. 1778లో పుదుచ్చేరి తీసుకున్నారు, 1779లో మాహే. మైసూరు హైదర్ అలీకి ఆయుధాలు వచ్చే రేవు మాహే, అది నా రక్షణలో ఉంది ముట్టుకోవద్దు అన్నాడు, వినలేదు. 1780లో అతను కర్ణాటక మీదికి దిగాడు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కంపెనీ సైన్యాన్ని ఎలా చితక్కొట్టాడంటే, ఆ వార్త అమెరికా దాకా వెళ్ళి వాళ్ళు ఒక యుద్ధనౌకకి అతని పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్‌లో డెలవేర్ అఖాతంలో ఆ హైదర్ అలీ ఓడ ఒక ఇంగ్లీషు ఓడని ఓడించి పట్టుకుంది కూడా. అదే 1780 అక్టోబరులో, మన విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. హైదర్ మీద పోరాడటానికి ఓడెక్కి మద్రాసు వెళ్ళమంటే వెళ్ళం అని తుపాకులు ఎత్తారు, ఇంగ్లీషు అధికారులు కొందరు చచ్చిపోయారు. 1857కి 77 ఏళ్ళ ముందు. జాకీ హాలోలో బూట్లు కాల్చుకు తిన్న ఏడాది, విశాఖ తీరంలో మనవాళ్ళు తుపాకీ తిప్పిన ఏడాది ఒకటే.

అమెరికాకి ఫ్రెంచి వాళ్ళు వచ్చినట్టే ఇండియాకీ వచ్చారు. సఫ్రెన్ అనే నౌకా సేనాని బంగాళాఖాతంలో ఇంగ్లీషు ఓడలతో వరసగా ఐదు యుద్ధాలు చేశాడు. సైన్యంతో దిగింది ఎవరనుకున్నారు, బుస్సీ. మన బొబ్బిలి యుద్ధం బుస్సీ దొరే, 1757 తర్వాత పాతికేళ్ళకి ముసలివాడై మళ్ళీ వచ్చాడు. కానీ అప్పటికే, 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గర శిబిరంలో హైదర్ చచ్చిపోయాడు. 1783 జూన్‌లో కడలూరు దగ్గర బుస్సీ, ఇంగ్లీషు వాళ్ళు తలపడుతుండగా కబురొచ్చింది. యూరప్‌లో జనవరిలోనే సంధి కుదిరిందట. ఐదు నెలలు అబద్ధపు యుద్ధం చేశారన్నమాట. ఫ్రెంచి వాళ్ళు కత్తులు ఒరలో పెట్టుకున్నారు. మంగళూరు ముట్టడిలో టిప్పు పక్కన నిలబడిన ఫ్రెంచి సైనికులు కూడా పక్కకి తప్పుకున్నారు. ఏ సంధి అమెరికాకి స్వేచ్ఛ తెచ్చిందో అదే సంధి టిప్పుని ఒంటరివాణ్ణి చేసింది.

ఇది చదివాక ధైర్యం వాళ్ళకుంది మనకి లేదు అని ఎలా అనగలం? వాళ్ళకి మధ్యలో మూడువేల మైళ్ళ సముద్రం, నూట యాభై ఏళ్ళ నుంచి సొంతంగా నడుపుకుంటున్న సభలు, సరైన వారంలో వచ్చిన ఒక నౌకాదళం ఉన్నాయి. ఇండియాలో ఒక రాజు కొడితే ఇంకో రాజు కంపెనీ వైపు ఉన్నాడు, కంపెనీ సైన్యం మన జీతగాళ్ళతోనే నడిచింది. యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ ఐదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అతని కాలంలోనే 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి కంపెనీకి పోయింది. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి మన ఉత్తర సర్కారులకీ వచ్చింది. మా ముత్తాత కృష్ణా జిల్లాలో ఒక జమీ కింద రైతు. పంట పోయిన ఏడాది శిస్తు కోసం ఎద్దుల్ని తోలుకుపోయారని మా తాతయ్య చెప్పేవాడు. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా ఆ పద్ధతే నడిచింది. అమెరికాలో ఓడిన మనిషి మా ఇంటి ఎద్దుల దాకా వచ్చాడు.

ఎనిమిదేళ్ళలో అందరూ స్వతంత్రులయ్యారా అన్నది కూడా అడగాలి. అది సగం అంతర్యుద్ధం. ఇక్కడే పెర్త్ అంబాయ్‌లో న్యూజెర్సీ చివరి రాజ గవర్నర్ ఇల్లు ఉంది. ఆ గవర్నర్ విలియం, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకు. తండ్రి ప్రకటన మీద సంతకం చేసిన ఏడాదే కొడుకుని బంధించారు. తండ్రి చనిపోయేదాకా మనసు కరగలేదు, వీలునామాలో కొడుక్కి దాదాపు ఏమీ ఇవ్వలేదు. రాజు పక్షాన నిలిచిన 60,000 మంది దాకా దేశం వదిలిపోయారు. 1779లో ఇరోక్వా ఆదివాసీ జాతుల ఊళ్ళు నలభై దాకా, కోతకొచ్చిన మొక్కజొన్నతో సహా, వాషింగ్టన్ ఆజ్ఞతో తగలబెట్టారు. 1783 సంధిలో వాళ్ళ నేల మొత్తం రాసిచ్చేశారు, ఆ గదిలో వాళ్ళ మనిషి ఒక్కడూ లేడు.

ఆ 5 లక్షల మంది బానిసలు? మా పక్క కౌంటీ మన్‌మత్‌లో టైటస్ అనే యువకుడు 1775లో యజమాని నుంచి పారిపోయి ఇంగ్లీషు వాళ్ళ వైపు చేరాడు, ఎందుకంటే స్వేచ్ఛ ఇస్తామన్నది వాళ్ళు. కర్నల్ టై అని పేరు తెచ్చుకుని ఇక్కడి భూస్వాముల్ని హడలగొట్టాడు, 1780లో గాయం ముదిరి చచ్చిపోయాడు. వాషింగ్టన్ ఎస్టేటు నుంచి పారిపోయిన హ్యారీ అనే బానిస యుద్ధం ముగిశాక 3,000 మందితో పాటు న్యూయార్కు నుంచి ఓడెక్కి నోవా స్కోషియాకి, అక్కడి నుంచి ఆఫ్రికాకి పోయాడు. అతనికి స్వాతంత్ర్యం అంటే ఆ ఓడ. టైటస్‌నీ, ప్రిన్స్‌టన్‌లో చచ్చిపోయిన కుర్రాణ్ణీ ఇద్దర్నీ ఒకే మనసుతో తలుచుకోవడం నాకు మొదట్లో కష్టమైంది. ఇప్పుడు కావడం లేదు. ఇద్దరూ అడిగింది ఒకటే.

జోసెఫ్ ప్లమ్ మార్టిన్ సంగతి చెప్పి ఆపుతాను. ఏడేళ్ళు పోరాడాక జీతం బదులు కాగితాలిచ్చి ఇంటికి పంపారు. మెయిన్ రాష్ట్రంలో కొంత నేల చదును చేసుకుని కాపురం పెట్టాడు. ఆ నేల నాది అన్నాడు హెన్రీ నాక్స్. 1776 చలికాలంలో మంచు మీద ఎద్దుల బళ్ళతో ఫిరంగులు లాక్కొచ్చి బోస్టన్‌ని విడిపించిన అదే సేనాపతి నాక్స్, భార్య వైపు నుంచి వచ్చిన హక్కుతో అక్కడ పెద్ద భూస్వామి అయ్యాడు. మార్టిన్ 170 డాలర్లు కట్టలేకపోయాడు, భూమి పోయింది. తర్వాత పింఛను కోసం అఫిడవిట్ ఇచ్చినప్పుడు తన ఆస్తి రాయించాడు: రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. ఏడాదికి 96 డాలర్లు ఇచ్చారు. ఒకే సైన్యంలో ఒకరికి భూమి, ఒకరికి గొర్రెలు. కృష్ణా జిల్లా రైతు మనవడికి ఇది ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

మొన్న అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు గానీ చూస్తే తప్ప నమ్మకం కుదరదు రా" అన్నాడు. జాకీ హాలో వెళ్దాం అన్నాను, ఎండాకాలం వద్దు, జనవరిలో, మంచు పడ్డ మర్నాడు. పిల్లల్ని కూడా తీసుకొస్తానన్నాడు. అందరికీ మంచి బూట్లు వేయించి తీసుకురా అన్నయ్యా, కొండ మీద గుడిసెల దాకా నడవాలి అని చెప్పాను.